కారణం రాసే గడి

మా ఆఫీసు ఫైళ్ళన్నీ ఉండేది
చేపనూనె వాసన వదలని వెనకగదిలో,
చీపుర్ల బీరువా పక్కన, ఒక సర్వరులో.
పదకొండేళ్ళుగా దానికి నేనే కాపలా.

మొదట్లో బయటినుంచి రావాలంటే సొరంగమే దారి.
వీపీఎన్ అనేవాళ్ళం.
ఒక్క పాస్‌వర్డు కొడితే ఇల్లంతా నీదే:
జీతాల లెక్కలూ, పంపుల నక్షాలూ,
క్రిస్మస్ విందులో బార్దుర్ బల్లెక్కి ఆడిన ఫొటోలూ.
ఉప్పు కోసం వచ్చినవాడి చేతిలో
ఇనప్పెట్టె తాళం కూడా పెట్టినట్టు.
పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం.

ఒక ఫిబ్రవరిలో, కోపెన్‌హాగెన్ రైల్లో
మాన్‌హిల్ ల్యాప్‌టాప్ పోయింది.
మూడు రాత్రులు ఎవరో ఆమె పేరుతో వచ్చి
గదిగదీ తిరిగారు.
ఏం పట్టుకెళ్ళారో ఈనాటికీ తెలీదు.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు;
ఇంటిమనిషి చెప్పులేసుకొచ్చిన దొంగని
నేనెక్కడ పట్టేది?

సొరంగం పూడ్చేశాను.

ఇప్పుడున్నది వట్టి గుమ్మం.
ఎవరు నువ్వు, అంటుంది. ఈ యంత్రం నీదేనా.
ఫోను తీసి వేలు పెట్టు.
ఏ కాగితం? అదొక్కటే చూపిస్తుంది,
పక్కన ఇంకోటి ఉన్నట్టు కూడా చెప్పదు.
నిన్ననే వచ్చావు కదా అన్న మొహమాటం లేదు దానికి.

రన్వాకి ఒళ్ళు మండింది.
"తొమ్మిదేళ్ళనుంచి ఇక్కడే చస్తున్నాను,
పొద్దున లేస్తే నేనెవరో చెప్పుకోవాలా?"
చెప్పుకోవాలి, అన్నాను. నేనూ చెప్పుకుంటున్నాను.

ముసలి సామల్‌కి మాత్రం నచ్చింది.
"నక్షాలు కాగితం చుట్టలై ఉన్నప్పుడు
గది బయట ఒక ఆవిడ కూచునేది.
పుస్తకంలో సంతకం పెడితే ఒక చుట్ట ఇచ్చేది.
రెండోది అడిగితే కళ్ళజోడు పైనుంచి చూసేది.
నువ్వు ఆవిడని మళ్ళీ కూచోబెట్టావు, అంతే."

నవంబరులో తుఫాను.
సుదురోయ్ పడవ రద్దు.
ఆ దీవి చివర చేపల కర్మాగారంలో
శీతలగది కింద చీలమండ దాకా నీళ్ళు,
మూడో పంపు మొరాయించింది.
రన్వా అక్కడే ఉంది, టార్చి నోట కరుచుకుని.
కావలసిన నక్షా సామల్ గీసింది.
సామల్ పేరున్న అరలో ఉంది.
ఆ అర సామల్‌కి తప్ప తెరుచుకోదు.
సామల్ అక్టోబరు తొమ్మిదిన పోయాడు.

గుమ్మం కాదంది.
అది చెయ్యాల్సింది అదే, నేర్పింది నేనే.

రాత్రి రెండుంపావుకి నా ఫోను మోగింది.
ఉన్నిమేజోళ్ళతో వంటింట్లో నిలబడి
ఒక మనిషి, ఒక కాగితం, ఒక గంట
అని కొట్టి అనుమతి నొక్కాను.

తెరిచింది. కాసేపు మాటలేదు, నీళ్ళ చప్పుడే.
తర్వాత చదివి వినిపించింది,
నక్షా అంచున పెన్సిలుతో సామల్ కోడిగీతలు:
"ఈ వాల్వు బొమ్మలో ఉన్నట్టు తిరగదు.
తలకిందులుగా బిగించారు వెధవలు.
బొమ్మని నమ్మకు. చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చూసింది. ఎడమకి తిరిగింది.

మూడుంపావుకి గుమ్మం మూసుకుంది,
ఎవరూ చెప్పకుండానే.

మర్నాడూ పడవల్లేవు.
మధ్యాహ్నం రన్వా నుంచి మళ్ళీ అర్జీ,
అదే కాగితం.
కారణం రాయమని నేను పెట్టిన గడిలో
ఇలా ఉంది: పనేం లేదు. ఆ రాత చూడాలి.

నిబంధనలు రాసింది నేనే.
పనిలేనిదే ఇవ్వకూడదన్నది ఏడోది.
పోయినవాళ్ళ పేర్లు వారంలో తీసేయాలన్నది తొమ్మిదోది.
అదీ చెయ్యలేదు, నెల దాటింది.
జాబితాలో సామల్ పక్కన
'చివరిసారి కనిపించినది' అని ఒక తేదీ,
కదలకుండా.

కిటికీ అద్దానికి ఉప్పు పేరుకుంది.
కింద రేవులో ఎవరో తాళ్ళు మళ్ళీ బిగిస్తున్నారు.
పది నిమిషాలు, అని కొట్టాను.
నొక్కబోతే గుమ్మం ఆపింది,
వేలు పెట్టమంది,
నేనేనా అని.